గ్రేసీ చేతి కింది కార్డు

మా సీతాఫల్‌మండి చర్చిలో జనవరి ఒకటో తారీఖు పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దానాల పళ్లెం బయటికొస్తుంది. పళ్లెం నిండా గులాబీ అంచు కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిల్ మాట. ఇంటికొకరు వచ్చి, కళ్లు మూసుకుని ఒకటి తీసి, మైకులో చదవాలి. ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటితో చెప్పే మాట అదేనని మా నమ్మకం.

కార్డులు రాంగోపాల్‌పేట్‌లో అచ్చు వేయించి తేవడం నా పని. ఏడో తరగతి తప్పినవాడికి చర్చిలో అంతకన్నా పెద్ద పదవి ఎవరిస్తారు? ఈసారి ఒక కార్డు ఎక్కువ వేయించాను. బబులోను రాజు నెబుకద్నెజరు మేడ మీద తిరుగుతూ 'ఇదంతా నేను కట్టిందే కదా' అని మురిసిపోతుంటే ఆకాశం నుంచి వినబడ్డ మాట అది: 'నిన్ను మనుషుల్లోంచి తరిమేస్తారు. ఎద్దులాగా గడ్డి మేస్తావు.'

అది మా చర్చి సెక్రటరీ రామ్మోహనరావు సారు కోసం. రాజమండ్రి నుంచి వచ్చి రైల్వేలో ఆఫీసరుగా రిటైరైన మనిషి. చర్చి కొత్త భవనం తానే కట్టించానని రాయి మీద పేరు చెక్కించుకున్నాడు. ఇప్పుడు ఆయన సెక్రటరీ ఆఫీసుకు గది కావాలట. కాంపౌండులో ఉన్నది ఒక్కటే గది, అందులో గ్రేసీ ఉంటుంది. ఆమె భర్త లూకా ఇరవై రెండేళ్లు గంట కొట్టి, గేటు కాసి, మొన్న అక్టోబరులో పోయాడు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలని సారు హుకుం. మంచం, స్టవ్వు, బియ్యం డబ్బా అప్పటికే వరండాలోకి వచ్చేశాయి. వెళ్లడానికి ఆమెకు వేరే చోటు లేదు.

సారు ఎప్పుడూ మొదట తీస్తాడు. అందుకే నా కార్డు అన్నిటికన్నా పైన పెట్టాను. ఆయన నోటితో ఆ గడ్డి మాట వినాలి, కడుపు పట్టుకుని నవ్వాలి, అంతే నా సరదా.

కానీ పాస్టరమ్మ మేబెల్ పళ్లెం అందుకుని, "ఈసారి పెద్దలు ఆఖర్న తీస్తరు. మిగిలినోళ్లు ముందు రాండ్రి" అంది. అంటూనే పిండి కలిపినట్టు కార్డులన్నీ కలిపేసింది.

ఇక నా కార్డు ఎవరి చేతికొస్తుందో నాకే తెలియదు.

మొదట బుచ్చమ్మ వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషి. పళ్లెంలో తడుముతోంది. ఆ కార్డు ఈమెకొస్తే? తరిమేస్తారని దేవుడే అన్నాడనుకుంటే? ఆమె తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "భయపడకు, నేను నీకు తోడున్నాను" అని చదివింది. నేను ఊపిరి వదిలాను. వెనకే అనుపమ, ఏడో నెల కడుపుతో. మళ్లీ ఊపిరి బిగబట్టాను.

పక్కనున్న హరికిషన్ నన్ను గిల్లాడు. "ఏందే మామా, చలికాలంల గిట్ల చెమటలు పడ్తున్నయ్? కార్డులల్ల ఏమన్న కిరికిరి చేసినవా?"

"నోర్ముయ్‌రా. దేవుని మాట ఇననియ్యవా?"

"నువ్వు? దేవుని మాట?" వాడు కిసుక్కున నవ్వాడు.

నలభై ఇళ్లు అయిపోయాయి. నా కార్డు రాలేదు. గ్రేసీ లేచింది. ఆమె వెనక సారు నిలబడ్డాడు. పళ్లెంలో పదో పన్నెండో మిగిలాయి. గ్రేసీ కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. ఆమె వేళ్లు ఒక కార్డు మీద ఆగాయి. అది నాదే. మిగతావాటికన్నా తెల్లగా ఉందది. ఒక్క కార్డే కదా అని షాపువాడు వేరే అట్ట మీద కొట్టిచ్చాడు.

"గ్రేసీ! ఆగు బిడ్డా!" అని లేచాను. అప్పటికే సారు ముందుకు జరిగాడు.

"గది ఖాళీ చేసి పోయేదానివి, ఇక్కడి వాగ్దానం నీకెందుకమ్మా? జరుగు జరుగు." సారు ఆమె చెయ్యి పక్కకు నెట్టి, కళ్లు తెరుచుకునే ఆ కార్డు లాక్కున్నాడు. మైకు దగ్గరికెళ్లి ఆఫీసరు గొంతుతో మొదలుపెట్టాడు.

"నిన్ను మనుషుల్లోంచి తరిమేస్తారు..."

చదవడం ఆపి పక్కకు చూశాడు. కిటికీలోంచి వరండాలో గ్రేసీ మంచం కనిపిస్తోంది.

"పూరా సదువాలె సారూ," అంది బుచ్చమ్మ. "సగంల ఇడిస్తే మంచిగుండదు."

చదివాడు. ఎద్దు, గడ్డి, అన్నీ. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. సారు తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"పర్వతాలూ, ఇది నీ పనే కదూ?"

"నా పనే సారూ. అచ్చేయించింది నేనే, మీకోసం పైన పెట్టింది నేనే. పాస్టరమ్మ కలిపినంక మాత్రం నా చేతుల ఏం లేదు. గ్రేసీ చెయ్యి దాని మీద పడ్డది. వద్దని లేసిన. అంతలనే మీరే గుంజుకున్నరు."

"నిన్ను కమిటీ ముందు నిలబెట్టి..." అని వేలెత్తాడు. గ్రేసీ పళ్లెం దగ్గరే ఉంది, నెట్టేసిన చెయ్యి గుండెకు ఆనించుకుని. ఆయన ఆ చెయ్యినే చూశాడు. వేలు నెమ్మదిగా దిగింది. కార్డు జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

వెళ్లిపోయాడనుకున్నాం. నేను వెనకే పరుగెత్తి చూస్తే, వరండాలో మంచం ఒక కొస ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"చూస్తావేంటయ్యా? అటువైపు పట్టు."

"యాడికి సారూ?"

"లోపలికే."

గ్రేసీ బియ్యం డబ్బా ఎత్తుకుని మా ముందు నడిచింది.