పొగ లేని నిప్పులు

మా గిద్దలూరు వైపు మనుషులకు ఎండతో ఎట్లా వేగాలో పుట్టుకతోనే తెలుసు. చలి సంగతే ఎవరికీ తెలియదు. ఆ ఏడు పుష్యమాసంలో నల్లమల మీంచి వచ్చిన గాలికి ఊరు ఊరంతా వణికిపోయింది. రాచర్ల దగ్గరి మా ఊళ్ళో కాటమరాజు గొర్రెలు అప్పుడే ఈనాయి. తెల్లారేసరికి దొడ్లో రోజూ ఏదో ఒక గొర్రెపిల్ల కొయ్యబారి ఉండేది. అంత మగాడూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేవాడు.

"ఈ పొద్దు పిల్లల్ని కొత్త గదిలో ఏసుకుని పండుకుంటా మా" అన్నాడు తల్లి లక్ష్మీనరసమ్మతో.

కొత్త గదంటే ఆ ఎండాకాలంలో కట్టుకున్న స్లాబు గది. అంతకుముందు వాళ్ళకున్నది బోదగడ్డి కప్పిన కొట్టమే. బాలింతగా ఆమె ఆ కొట్టంలోనే మంచం కింద కుంపటి పెట్టించుకుని, తలుపు మూసుకుని పడుకుంది. ఆమె తల్లీ అంతే చేసింది. కప్పు సందుల్లోంచి ఆడే గాలే తమను కాపాడిందని వాళ్ళకెవరికీ తట్టలేదు.

సాయంత్రం ఆమె పెరట్లో బొగ్గులు రాజేసింది. పొగంతా పోయి నిప్పులు కణకణలాడేదాకా ఓపిగ్గా విసిరింది. చెడ్డది పొగేనని ఆమె నమ్మకం. ఆ కుంపటిని కొత్త గదిలో పెట్టి, కిటికీ సందుల్లో గోనెపట్టాలు కూడా తనే కుక్కింది.

"నువ్వూ రా మా, ఎచ్చగుంటాది."

"నాకు కొట్టంలోనే నిద్ర పడతాది. పొగ సుక్క గూడా లేదు నాయనా. తలుపు బిగించుకో, గాలి కొడతాంది."

పొద్దున ఎంత పిలిచినా పలకలేదు. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టారు. కాటమరాజు ఒక పిల్లను పొట్టకు హత్తుకుని పడుకున్నట్టే ఉన్నాడు. గొర్రెపిల్లలన్నీ అతని చుట్టూ అట్లాగే ఉన్నాయి. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. గది మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

మూసిన గదిలో బొగ్గుల నుంచి కంటికి కనపడని విషగాలి పుడుతుందని డాక్టరు చెప్పాడు.

"పొగ లేదు గదయ్యా!" అని ఆమె ఆయన్నే ఎదురడిగింది. ఆ తర్వాత కనపడిన ప్రతివాళ్ళనూ అదే అడిగేది. దొడ్లో తల్లిగొర్రెలు పాలు చేపుకొచ్చి అరుస్తుంటే చెవులు మూసుకునేది.

ఈ ఏడు మళ్ళీ అదే చలి. పక్కింటి రంగమ్మ కూతురు గోపిక పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. చీకటి పడుతుండగా రంగమ్మ బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపు మూయబోయింది. ఎప్పుడు చూసిందో, లక్ష్మీనరసమ్మ పరుగున వచ్చి కుంపటిని ఒట్టి చేతులతో బయటికి ఈడ్చేసింది.

"ఏందక్కా ఇది! చేతులు కాలె గదా! ఇవి పిడకల నిప్పులు, బొగ్గులు గాదు. పసిదానికి చలి పెట్టదా?"

"నిప్పు ఏదైతే ఏంది మే! పిల్లను తల్లి రొమ్ముకు ఆనించి బొంతలు కప్పు. అయినా చలి పెడితే ఏడుస్తాది. ఏడిస్తే మనకు తెలుస్తాది. నా కొడుకు ఒక్క మూలుగు మూలగలేదు మే. ఎచ్చగా పండుకోబెట్టి సంపుకున్నా."

రంగమ్మ కిటికీ తీసి, ఆమె చేతుల మీద చన్నీళ్ళు పోసింది.

లోపల పసిది కేరుమంది. లక్ష్మీనరసమ్మ గడప మీద కూలబడింది. ఏడుపు ఆగినప్పుడల్లా లేచి లోపలికి తొంగి చూసింది.