మావకి నలభై చుక్కలు

‘మావ పోయాడు’ అని నేను అరిచిన మాట వాస్తవం. కాదనను. కానీ ఎక్కడ పోయాడు, ఎలా పోయాడు అని ఒక్కరైనా అడగాలి కదా. ఎవరూ అడగలేదు.

పెరట్లో ఎండుచేపలు తిరగేస్తున్న నా పెళ్ళాం ఝాన్సీ, చేతిలో చేట అక్కడే పారేసి, “ఓలమ్మ, మాయయ్యా” అంటూ గుండెలు బాదుకుని వీధిలోకి పరిగెత్తింది. సూరయ్య మావ దానికి కన్నతండ్రి. మా అత్త తాతమ్మ ఇల్లు మాకు మూడిళ్ళ అవతలే. ఆవిడ అక్కణ్ణించి అందుకుంది. అయిదు నిమిషాల్లో భావనపాడులో మా వీధి మనుషులంతా మా గుమ్మం ముందున్నారు. నేను అరుగు మీద ఫోను పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాను.

ఇంతలో వలలు బాగుచేసుకునే పాక వైపు నుంచి సూరయ్య మావే నడుచుకుంటూ వచ్చాడు. మెడలో తువ్వాలు, చేతిలో నైలాను దారం.

“ఎవులు పోయారే?” అని అడిగాడు.

అత్త ఆయన్ని చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. తర్వాత ఆపింది. అప్పుడు వీధంతా ఒక్కసారి నా వైపు తిరిగింది.

“నువ్వే మావా,” అన్నాను. “ఆటలో.”

ఆ ఆట పేరు ఏడు కోటలు. చదరంగంలా గళ్ళుంటాయి. మన మనుషులు నలుగురు, అవతల పాతికమంది. ఒక్కొక్కరినీ గడి గడి జరుపుతూ కోట పట్టాలి. గెలిచిన కొద్దీ మనుషులకి లెవెల్ పెరుగుతుంది. చచ్చినవాడు చచ్చినట్టే, ఊరికే మళ్ళీ రాడు. పేర్లు మనమే పెట్టుకోవచ్చు. మా బోటు మీద వేటకెళ్ళేది నలుగురం: మావ, నేను, నా తమ్ముడు సోములు, పక్కింటి గోపి. సరదాగా ఆ నలుగురి పేర్లే పెట్టాను. అక్కడే నేను చేసిన తప్పు.

మావ నా పక్కన అరుగు మీద కూర్చుని ఫోను చూపించమన్నాడు. తెర మీద ఒక సమాధి రాయి, దాని మీద సూరయ్య అని పేరు. చాలాసేపు దాని వైపే మొహం పెట్టుకుని ఉన్నాడు.

“నానెలగ సచ్చాను?”

“కోట గుమ్మం కాడికి ఒక్కడివే ఎల్లావు మావా. పదకొండుమంది సుట్టీసినారు.”

“ఒక్కడినీ ఎందుకెల్లాను?”

“నాను పంపాను.”

“మరి మీరు ముగ్గురూ ఏటి సేస్తన్నారు?”

“ఎనకాల ఉన్నాం.”

మావ తల ఊపాడు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని లేచాడు. “వేట తెరిసే లోపల నన్ను బతికించు. లేదంటే నాను బోటెక్కను,” అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

అప్పటికి మే ఇరవై ఏడు. జూన్ పదిహేనున వేట నిషేధం తీసేస్తారు. రెండు నెలలుగా ఇసుక మీద బోర్లా పడి ఉన్న ఇంజను బోట్లన్నీ ఆ పొద్దున్నే నీళ్ళలోకి దిగుతాయి. మాకు హార్బరు లేదు, ఒడ్డు నుంచే కెరటాలు దాటుకుని లోపలికి వెళ్ళాలి. దాటించేవాడు చుక్కాని దగ్గర కూర్చుంటాడు. మా బోటులో ఆ చోటు ముప్పై ఏళ్ళుగా సూరయ్య మావది. మేం ముగ్గురం వలలు లాగుతాం, చేపలు ఏరుతాం, కబుర్లు చెప్పుకుంటాం. ఆయన ఎక్కకపోతే మా బోటు ఇసుక మీదే ఉంటుంది. అంతే సంగతి.

“మాయయ్యని సంపీసినావు, ఇప్పుడు బోటు కూడా సంపీ,” అంది ఝాన్సీ. ఆ పూట అన్నం కంచం నా ముందు పెట్టిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

చచ్చినవాడిని బతికించడానికి ఆ ఆటలో ఒకటే దారి. ప్రాణదీపం వెలిగించాలి. దానికి నలభై చుక్కల నూనె కావాలి. ఒక యుద్ధం గెలిస్తే ఒక చుక్క. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, రెండో కోట వెనకున్న అడవిలో, పన్నెండు తోడేళ్ళ మీద గెలవాలి. నలభైసార్లు అవే తోడేళ్ళు.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. ఈ రకం ఆటలంటే నాకు పిచ్చి. మొదటి మూడు కోటలూ ఎంత బాగుంటాయంటే తిండి గుర్తురాదు. విల్లువాడిని గుట్ట మీద పెట్టాలా, డాలువాడిని వాగు దగ్గర ఆపాలా అని ఆలోచిస్తుంటే బుర్ర పదునెక్కుతుంది. నాలుగో కోట దగ్గరికి వచ్చేసరికి ఆట బుద్ధి మారిపోతుంది. గుమ్మం దాటాలంటే ఒక్కడైనా ముప్పయ్యో లెవెల్ దాటి ఉండాలి, మనవాళ్ళు పద్దెనిమిదిలో ఉంటారు. ఎంత తెలివిగా జరిపినా లాభం లేదు. వెనక్కి వెళ్ళి అవే తోడేళ్ళని కొట్టు, మళ్ళీ కొట్టు, మళ్ళీ కొట్టు. దీన్ని వ్యూహం అంటారా? నేను దీనికి రుబ్బుడు అని పేరు పెట్టాను. పిండి నలిగి వెన్నైపోయాక కూడా రుబ్బుతూ ఉండమంటే ఎవడికి ఒళ్ళు మండదు? ఆట అనేది మనిషిని తెలివి అడగాలి. టైము అడగకూడదు. ఇదే సంగతి ఆ కంపెనీవాళ్ళకి అయిదింటికి రెండు స్టార్ల రేటింగిచ్చి పెద్ద ఉత్తరమంత రాశాను. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, ఆటను ఆస్వాదించండి’ అని జవాబిచ్చారు. ఆస్వాదించాలంట.

అందుకే నేను రుబ్బలేదు. మొదట్నుంచీ గట్టివాడైన సూరయ్యనే ముందుకు తోస్తూ వచ్చాను. గెలుపులన్నీ ఆయన ఖాతాలోకే పోయి ఆయన ముప్పై మూడో లెవెల్. సోములు తొమ్మిది, గోపి ఎనిమిది, నేను పదకొండు. ఒక్కడి మీద నాలుగు కోటలు లాక్కొచ్చాను. అయిదో కోట గుమ్మంలో ఆ ఒక్కడూ పోయాడు.

ఇప్పుడు ఈ ముగ్గురు చేతకానివాళ్ళతో తోడేళ్ళ అడవి. రోజుకి నాలుగు యుద్ధాలు మించి అయ్యేవి కావు. పొద్దున వలల పని, మధ్యాహ్నం పాకలో ఫోను. మొదటి నాలుగు రోజులూ తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కో తోడేలు నన్ను చూసి పళ్ళికిలిస్తున్నట్టే ఉండేది. సోములు వచ్చి, “అన్నా, నాను ఇంకా తొమ్మిదేనేటి?” అని అడిగితే వాడిని కొట్టబోయాను.

మావ రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. చేతులు వల మీద, చెవి నా ఫోను మీద.

“ఎంత వరకు వచ్చింది?”

“పదమూడు సుక్కలు.”

“ఈ ముగ్గురూ ఇప్పుడు బాగా కొడతన్నారేటి?”

“మునపటికంటే నయం మావా. గోపిగాడికి పదిహేను వచ్చింది.”

“మరి ముందే ఎందుకు కొట్టించలేదు?”

“నువ్వున్నావు కదా. ఈళ్ళని పంపితే సస్తారు.”

“పంపకపోతే ఎప్పటికి పెద్దోల్లవుతారు?”

“అందుకే రుబ్బాలి మావా. అదే నాకు పడదు.” నా గొంతులో విసుగు ఆయనకి వినబడే ఉంటుంది. తెగిన వల ముడి వేసుకోవడం మొదలెట్టాడు.

జూన్ ఆరున నలభయ్యో చుక్క పడింది. పాకలో నేనూ మావా ఇద్దరమే ఉన్నాం. దీపం వెలిగించాను. తెరంతా పచ్చటి వెలుగు. సమాధి రాయి పగిలి సూరయ్య లేచి నిలబడ్డాడు. పక్కన అంకె చూశాను.

ఒకటి.

ముప్పై మూడు కాదు. ఒకటి. మనిషిని బతికిస్తారు గాని నేర్చినదంతా గుంజుకుంటారు. ఈ ముక్క ముందు ఎక్కడా రాయలేదు. పది రోజులు నేను రుబ్బింది, కత్తి పట్టడం కూడా రాని ఒక ముసలాడి కోసం. నాకు కోపం నెత్తికెక్కి, ఆ ఆట చేసినవాళ్ళని, వాళ్ళని కన్నవాళ్ళని తిట్టి ఫోను వలల గుట్ట మీదకి విసిరేశాను.

మావ లేచి, వలల మీద చేత్తో తడిమాడు. ఫోను ఆయన మోకాలి పక్కనే ఉంది. అటూ ఇటూ తడిమాడు. దొరికాక దాన్ని ఎడమ కంటికి దాదాపు ఆనించుకుని, తల పక్కకి తిప్పి చూశాడు.

“ఏటి రాసుందిరా, సినబాబూ?”

తెర మీద అంకె నా బొటనవేలంత ఉంది.

“మావా, నీకు కనబడతలేదా?”

ఆయన ఫోను నా చేతికిచ్చి, వచ్చి కూర్చున్నాడు. “కుడికన్ను పోయి రెండేళ్ళయింది. ఎడందీ సన్నబడతన్నాది. శ్రీకాకుళంలో డాక్టరుకి సూపించాను. నరం ఎండిపోయిందన్నాడు. మందేస్తే ఉన్నది నిలుస్తాదంట. పోయింది మరి రాదంట.”

“అత్తకి తెల్సా?”

“పెళ్ళికెల్తన్నానని సెప్పి ఎల్లాను.”

“మరి బోటెలగ దాటిస్తన్నావు?”

“సెవితో.”

నాకు ముందు భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. పోయిన కార్తీకంలో కుడివైపు నుంచి కెరటం కొట్టి గోపి భుజం తప్పింది. ఆ రోజు ఇంజను అందుకోలేదని అందరం దాన్ని తిట్టుకున్నాం. తప్పు ఇంజనుది కాదు. ఈయనకి ఆ కెరటం కనబడలేదు. నాలుగు ప్రాణాలు మావా, ఒక్క మాట సెప్పలేకపోయావా అని నిలదీశాను. ఇన్నాళ్ళలో ఆయన మీద నేను గొంతు లేపింది అప్పుడే.

మావ తల వంచుకుని విన్నాడు.

“తప్పే. సెప్తే సుక్కాని కాడ ఎవుడు కూకుంటాడు? మీరు ముగ్గురూ ఎనకాల కూకోడం మరిగారు. నాకూ అలగే బాగుండేది, నాను లేకపోతే బోటు లేదు అనుకోడం.” చేతిలోని దారం వేలికి చుట్టుకున్నాడు. “మొన్న నువ్వు మావ పోయాడని అరిసినావు సూడు. అందరూ ఏడ్సినారు. నాకు మాత్రం బరువు దిగినట్టయింది. పోయినోడిని ఎవులూ బోటెక్కమనరు కదా.”

“మరి బతికించమని ఎందుకన్నావు?”

“సెప్పడానికి దమ్ము సాల్లేదు. కొన్నాల్లు దొరుకుతాయని అన్నాను.”

నాకు ఏడుపొచ్చింది, అది కూడా చికాగ్గానే వచ్చింది. ఆటలో నేను చేసిన పనే బోటులోనూ చేశాను. ముప్పై మూడో లెవెల్ మనిషి ఉన్నాడు కదా అని హాయిగా వెనకాల కూర్చున్నాను. ఆయన ఎలా చచ్చిపోతున్నాడో చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మావ మా ముగ్గురినీ ఒడ్డుకి పిలిచాడు. సంగతి ముందు సోములుకీ గోపికీ చెప్పాడు. గోపి తన భుజం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తనే వెళ్ళి తెడ్లు తెచ్చాడు. నిషేధం ఇంజను బోట్లకే గాని తెడ్డు నావకి లేదు. మావ పాత నావని నీళ్ళలోకి తోయించి, చుక్కాని నా చేతికిచ్చాడు.

“మూడు పెద్ద కెరటాలు వస్తాయి. మూడోది ఇరిగాక ఒక సందు ఉంటాది. అప్పుడెల్లాలి. కన్ను మోసం సేస్తాది, సెవితో ఇను. నాను తువ్వాలు తిప్పితే మల్లీ సెయ్యాలి.”

మొదటి రోజు ఏడుసార్లు బోర్లా పడ్డాం. ప్రతిసారీ ఉప్పునీళ్ళు కక్కుతూ తల ఎత్తేసరికి ఒడ్డు మీద తువ్వాలు గాలిలో తిరుగుతూ ఉండేది. రెండో రోజు తొమ్మిది. మూడో రోజు నా మోకాలు చీరుకుంది. నాలుగో రోజు నేను ఇసుకలో కూలబడి, “ఇది రుబ్బుడు మావా, నా వల్ల కాదు,” అన్నాను.

“రుబ్బుడే,” అన్నాడు. “లే.”

తోడేళ్ళే నయం. అవి కరిస్తే నొప్పి ఉండదు. కెరటం అలా కాదు, నిన్నటి కెరటం ఇవాళ ఉండదు, నేర్చుకున్నాననుకున్నది పనికిరాదు. ఒక్క తేడా మాత్రం నాకు అయిదో రోజు తెలిసింది. మూడో కెరటం విరిగే ముందు నీళ్ళు వెనక్కి లాగుతూ గులకరాళ్ళు గరగరమంటాయి. అది వినబడటం మొదలైంది. చెప్పినా ఎవరూ నమ్మరు గాని, వినబడింది.

జూన్ పద్నాలుగు. మర్నాడు వేట తెరుస్తారు. ఎండ అప్పుడే పైకి వస్తోంది. ఒడ్డు మీద మావ ఒక్కడే ఉన్నాడు. ఒకటి, రెండు, మూడు. గరగర వినబడింది. “లాగండి,” అన్నాను. సోములూ గోపీ తెడ్లు వేశారు. నావ ముక్కు ఆకాశంలోకి లేచింది, ఇక బోర్లా పడతామనుకున్నాను. పడలేదు. ధబ్బున దిగింది. అవతల నీళ్ళు మెత్తగా, అద్దంలా ఉన్నాయి. దాటాం. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. గోపిగాడు పిచ్చివాడిలా నవ్వడం మొదలెట్టాడు.

నేను ఒడ్డు వైపు తిరిగాను. మావ నీళ్ళలోకి మోకాళ్ళ వరకూ వచ్చి నిలబడి ఉన్నాడు. మా వైపు కాదు. ఎప్పుడూ మేం బోర్లా పడే చోటు ఉంటుందే, అటు చూస్తున్నాడు. చెయ్యి పైకెత్తి తువ్వాలు తిప్పుతున్నాడు.

దాటాం మావా అని అరవబోయాను. అంత దూరం వినబడదు. వినబడినా, ఈ నోటితో ఒకసారి అరిచింది చాలు.

“ఏటన్నా?” అన్నాడు సోములు.

“మల్లీ అంటన్నాడు,” అని చెప్పి, నావని ఒడ్డు వైపు తిప్పాను.