మింగిన మాటల గుండీలు

ఆ కుట్టు దుకాణంలో గుండీలు కొనడమనేది ఏనాడూ లేదు. అక్కడ ఎవరైనా చెప్పాల్సిన మాట గొంతులోనే మింగేస్తే, అది గుండీ అయి కాళ్ళ దగ్గర పడేది. సాయంత్రం ఊడ్చేటప్పుడు వదిన వాటిని ఏరి డబ్బాల్లో వేసేది. కోపం మింగితే నల్లవి, భయం మింగితే తెల్లవి. చొక్కాలకు అవే కుట్టేవారు. కాజాలు కుట్టే ముసలామె దగ్గర మాత్రం ఒక్క గుండీ రాలిన పాపాన పోలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు మరి!

వదినంటే దుకాణం యజమానురాలు. ఆమె తమ్ముడి పెళ్ళాన్ని అక్కడ అందరూ మరదలుపిల్ల అనేవారు. ఆ పిల్ల వారం నుంచి మిషన్ వదిలేసి ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడుతోంది.

"కూర్చుంటే నడుం పట్టేస్తోంది వదినా," అంది.

అది నడుం నొప్పి కాదు. చెప్పుకోలేని చోట దురద. ఒంటేలుకి వెళ్తే భగభగమని మంట. లోబట్టలకు విరిగిన పెరుగులా తెల్లగా, ముద్దముద్దగా అంటుకుంటోంది. ఏదో పాడు రోగమే అనుకుంది. ఘాటు సబ్బుతో లోపలంతా రుద్ది కడుక్కుంటే మంట రెట్టింపయింది. మొగుడు దగ్గరికొస్తే గోడవైపు తిరిగి పడుకుంది. అతనికి తెలిస్తే తనను అనుమానిస్తాడని, ఆ మాట పడేకంటే సాయంత్రం బస్సుకి పుట్టింటికి పోయి ఇక తిరిగి రాకూడదని తేల్చుకుంది. బట్టల సంచీ ఇస్త్రీ బల్ల కింద సిద్ధంగా ఉంది.

బల్ల చుట్టూ తెల్ల గుండీలు రాలుతూనే ఉన్నాయి. వదిన ఒకటి తీసి నొక్కితే తడిసిన సుద్దలా చిదికిపోయింది. అలాంటి గుండీలు ఆమె ఎరిగినవే. ఆమె నలుగురిలో ఏమీ అడగలేదు. వదిన గొప్పతనమంతా అక్కడే ఉంది. "కొలత టేపు పట్టుకురావే," అని కొలతల గదిలోకి పిలిచి తెర లాగింది.

"దురదా?"

మరదలుపిల్ల కళ్ళనిండా నీళ్ళతో తలూపింది.

"తెల్లగా అవుతోందా? వాసనేమైనా ఉందా?"

"వాసన లేదు. మంట మాత్రం చంపేస్తోంది వదినా."

"జ్వరం, పొత్తికడుపులో నొప్పి?"

"అవేం లేవు."

వదిన తన పనికోటు మీది తెల్ల గుండీల వరస చూపించింది. "ఇవెక్కడివనుకున్నావ్? నాకూ ఇలాగే వచ్చినప్పుడు రాలినవే. డాక్టరమ్మతో నోరు విప్పిన రోజున గట్టిపడ్డాయి. దాన్ని ఈస్ట్ ఇన్ఫెక్షన్ అంటారు. నాకు యాంటీబయాటిక్ మాత్రలు వాడాక వచ్చింది. నువ్వూ మొన్న పంటినొప్పికి వాడావుగా? ఎవరో తప్పు చేస్తే వచ్చేది కాదే పిచ్చిదానా! కానీ ఇలాంటి లక్షణాలు వేరే జబ్బులకీ ఉంటాయి. చూసి తేల్చాల్సింది డాక్టరమ్మే. పద."

డాక్టరమ్మ పరీక్ష చేసి, వదిన అనుమానం నిజమేనంది. లోపల పెట్టుకునే మందు రాసిచ్చి, ఆ సబ్బుని అటువైపు రానివ్వొద్దంది.

తిరిగొచ్చేసరికి, బట్టల తానులు దింపడానికొచ్చిన మొగుడు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఆమె సంచీ. కాళ్ళ దగ్గర ఇంత పెద్ద తెల్ల గుండీ. అతను కూడా భయపడుతున్నాడని అప్పటిదాకా ఆమెకు తోచనే లేదు. దురద దగ్గర మొదలుపెట్టి బస్సు దాకా అన్నీ చెప్పేసింది, అందరూ వింటున్నారని కూడా చూడకుండా.

"అంతేనా?" అన్నాడతను సంచీ కింద పెట్టేసి. "నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నానే! నాకు గజ్జల్లో తామరొస్తే ఊరందరికీ చెప్పి మరీ గోక్కున్నాను. నువ్వు దీనికి ఇల్లొదిలి పోతావా?"

దుకాణమంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే ఒకామె, "నాకూ పోయినేడు వచ్చింది," అంది. ఇంకొకామె మిషన్ ఆపి, "నాకు మాత్రం వాసనొస్తోందమ్మా," అంది. "అయితే అది వేరే ఏదో. రేపే చూపించుకో," అంది వదిన.

ఆ సాయంత్రం ఊడిస్తే దారప్పోగులు తప్ప ఒక్క గుండీ దొరకలేదు. ఇవ్వాల్సిన కోటు ఇంకా గుండీల్లేకుండా వేలాడుతోంది, డబ్బాల్లో ఉన్నవేవీ దానికి సరిపడవు. వదిన తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, మొట్టమొదటిసారి బజారుకెళ్ళి గుండీలు కొనుక్కొచ్చింది. మరదలుపిల్ల వాటిని కోటుకి కుట్టింది, ఇంకా కూర్చోలేక నిలబడే. ఎదురుగా వీధిలోంచి బస్సు వెళ్ళిపోయింది. ఆమె తలెత్తలేదు.