రాములు పిలిచిన పేరు

పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో గేటు కాపలా పని కిష్టప్పకు దొరికిందంటే, అది అతను ఒకప్పుడు సైన్యంలో ఉన్నట్టు చూపే పాత పల్టన్ కాగితం పుణ్యమే. పందొమ్మిది వందల అరవై అయిదు సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యేసరికి ఆ కాగితమే అతని మెడకు చుట్టుకుంది.

"నువ్వు జపానువాళ్ల బాంబులు చూసినవాడివి కదయ్యా," అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు నరసింహమూర్తి. రాజమండ్రి వైపు మనిషి, మంచివాడే. "సైరన్ మోగగానే జనాన్ని కందకాల్లోకి దింపే పని నీదే. ముందు నువ్వు దిగి చూపించు. రెండో కూత వేసేదాకా పైకి రాకూడదు."

కిష్టప్ప సరేనన్నాడు. కాదంటే ఎందుకని అడుగుతారు. ఆ కారణం ఇరవై నాలుగేళ్లుగా అతను ఎవరికీ చెప్పలేదు, భార్య సోమమ్మకు కూడా.

షెడ్ల వెనక కందకాలు తవ్వుతున్నారు. మట్టి తట్టలు ఎత్తే ఆడవాళ్లలో ముత్యమ్మ ఉంది. అతని ఊరి మనిషే. రాములు పెళ్లాం.

రాములూ, కిష్టప్పా ఒకే రోజున నిజాం పల్టన్‌లో పేరు రాయించుకున్నారు. తెల్లదొరల రాజ్యం అప్పటికి సగం ప్రపంచంలో యుద్ధం నెత్తికెత్తుకుని, మనుషులు చాలక, తుపాకి సరిగ్గా పట్టడం రాని పల్లెటూరి వాళ్లను కూడా ఓడలెక్కించింది. ఇద్దరినీ మలయాలో విమానాల మైదానానికి కాపలా పెట్టారు. డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. కందకం కూలింది. కిష్టప్పను చేతులు పట్టి బయటికి లాగారు. రాములు మట్టి కింద, దుంగల కింద ఉండిపోయాడు. కానీ బతికే ఉన్నాడు. పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది.

కిష్టప్ప చేతులతో తవ్వాడు. గోళ్లు ఊడాయి. ఇంతలో వెనక్కి మళ్లాలని హుకుం వచ్చింది. హవల్దారు అతన్ని కాలరు పట్టి లారీలోకి ఈడ్చాడు. అప్పటికీ ఆ పిలుపు ఆగలేదు.

మరి రెండు నెలలకు జపానువాళ్లకు పట్టుబడి, మూడున్నరేళ్లు వాళ్ల చెరలో గడిపి కిష్టప్ప ఇల్లు చేరాడు. ఆ ఏళ్లలో ఊళ్లో యుద్ధం లెవీ పేరుతో సర్కారు మనుషులు జొన్నలు కళ్లంలోనే కొలుచుకుపోయారు. ముత్యమ్మ చింతగింజలు వేయించి, నూరి, అంబలి కాచి మామను బతికించుకుంది. చంటిబిడ్డను మాత్రం బతికించుకోలేకపోయింది. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి రాములు ఎలా పోయాడని అడిగితే కిష్టప్ప నోటికి అబద్ధమే వచ్చింది: "గుండు తాకింది. అక్కడ్నే పోయిండు, నీళ్లు గూడ అడగలే."

మొదటి డ్రిల్లు రోజున మిట్టమధ్యాహ్నం సైరన్ మోగింది. షెడ్లలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. కిష్టప్ప కందకం అంచున నిలబడ్డాడు. కాళ్లు కదల్లేదు. పచ్చిమట్టి వాసన ముక్కుకు తగిలింది.

"దిగవయ్యా! అందరూ నిన్నే చూస్తున్నారు!" నరసింహమూర్తి అరిచాడు.

అప్పటికే లోపలికి దిగిన ముత్యమ్మ తలెత్తింది. "కిష్టన్నా! దిగు, జల్దీ!"

కింది నుంచి ఆ పేరు వినేసరికి కిష్టప్ప మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మట్టి గీరడం మొదలుపెట్టాడు. "ఆగు రాములూ, తీస్తున్న. వస్తున్న, ఆగు."

ఎవరూ నవ్వలేదు. రెండో కూత అయ్యాక జనం తలలు వంచుకుని షెడ్లలోకి వెళ్లిపోయారు. ముత్యమ్మ ఒక్కతే అతని ముందు కూర్చుంది.

"గుండు తాకిందంటివి గద?"

"లేదు. మట్టి కింద పడ్డడు. పానంతోనే ఉండె. పిలుస్తుంటే ఇడిసిపెట్టి వచ్చిన."

ఆమె అతని గోళ్లకంటిన మట్టిని చూసింది. "నా పేరు పిలిచిండా?"

అవునంటే ఆమెకు కొంత నిమ్మళంగా ఉండేదేమో. కానీ ఇంకో అబద్ధం మోసే ఓపిక అతనిలో లేదు. "లేదు. నా పేరే."

ముత్యమ్మ లేచి తట్ట అందుకుని వెళ్లిపోయింది.

"కందకాల పనికి పైవాళ్లకు నీ పేరే పంపాను. ఇప్పుడు మార్చలేనయ్యా," అన్నాడు నరసింహమూర్తి, అతని మొహం చూడలేక. పని పోతే తినడానికి పొలం కూడా లేదు. ఉన్న రెండెకరాలూ ఈ ఫ్యాక్టరీ కిందికే పోయాయి. రోజూ సైరన్ మోగేది. రోజూ కిష్టప్ప కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని దిగేవాడు. ముత్యమ్మ అదే కందకంలో, ఆ చివర, అటు తిరిగి నిలబడేది. ఇద్దరికీ బయటికి దారి లేదు.

మూడు వారాలకు యుద్ధం ఆగింది. మర్నాడు గేటు దగ్గర ముత్యమ్మ ఆగింది.

"రేపు పెత్తరమాస, పోయినోళ్లకు విస్తరి పెట్టే దినం. ఇంటికి రా."

కిష్టప్ప కూర్చున్న చోటు నుంచి లేచాడు.

"నిన్ను మాఫ్ జేసినననుకోకు. మా మామ ఇంకా గుండు మాటనే నమ్ముతున్నడు. కొడుకెట్ల పోయిండో ఆయనకు తెల్వాలె. నాతోని గాదు. నువ్వే చెప్పాలె."

మరునాడు కిష్టప్ప స్నానం చేసి వెళ్లాడు. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపు ఆనదు, చెవులు మాత్రం బాగానే వినిపిస్తాయి. కిష్టప్ప ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, పల్టన్‌లో పేర్లు రాయించుకున్న రోజు నుంచి మొదలుపెట్టాడు. కందకం కూలిన మాట దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి, "ఊఁ, చెప్పు," అన్నాడు. లోపల ముత్యమ్మ విస్తర్లో అన్నం పెట్టి, చివరిదాకా వింటూ గడపలోనే నిలబడిపోయింది.