ముప్పైమూడు నీడలు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ వృద్ధాశ్రమంలో లీలావతి డ్యూటీ పొద్దున ఏడింటికి మొదలయ్యేది. ముందు యుసేబియో అనే ముసలాయన గదికెళ్ళి, ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, టిఫిన్ హాల్లోకి తోసుకెళ్ళేది. వాళ్ళ వెనకే ముప్పైమూడు నీడలు నడిచేవి. ఒక్క మనిషికి అన్ని నీడలేమిటని ఎవరూ అడగలేదు. నేల తుడిచేవాళ్ళు అవి దాటేదాకా పక్కకి నిలబడేవాళ్ళు, అంతే.

యుసేబియో పద్నాలుగో ఏట స్పెయిన్‌లో బొగ్గుగనిలోకి దిగినవాడు. సమ్మె నడిపినందుకు పదకొండేళ్ళు జైల్లో ఉన్నాడు. రోజులు మారాక సోషలిస్టుల తరఫున పార్లమెంటుకి గెలిచాడు. తీరా సొంత పార్టీ ప్రభుత్వమే గనులు మూస్తానంటే ఎదురు ఓటేసి, సీటు వదిలేసి ఇంటికొచ్చాడు. భార్య పోయాక మిషిగన్‌లో కూతురి దగ్గరికి చేరాడు. ఆనాటి సమ్మెలో ఆయనతో నిలబడ్డవాళ్ళే ఆ నీడలు.

2006 చలికాలంలో మేనేజ్‌మెంట్ కొత్త రూల్ పెట్టింది. ముసలివాళ్ళని మంచం మీంచి లేపడానికి ఇద్దరక్కర్లేదు, ఒకరు చాలట. రెండో వారమే, లీలావతితో పనిచేసే ప్రణీత ఒక్కతే లేపుతుంటే నడుము పట్టేసి, చేతుల్లో ఉన్న ముసలావిడ జారిపడింది. తప్పంతా ప్రణీతదేనని ఉద్యోగం తీసేశారు.

"డైరెక్టర్‌ని అడుగుదాం రమ్మంటే ఎవరూ రారు తాతగారూ. అందరికీ భయమే" అంది లీలావతి, యుసేబియో చొక్కా గుండీలు పెడుతూ.

"నీకు లేదా?"

"నాకూ ఉంది."

"నాకూ ఉండేది. నా కాళ్ళు ఎలాగూ రావు, వీళ్ళని తీసుకెళ్ళు" అని వెనక్కి తిరిగి తన భాషలో ఏదో చెప్పాడు యుసేబియో.

ఆమె కారిడార్‌లో నడుస్తుంటే నీడలు వెంట కదిలాయి. లాండ్రీలోవాళ్ళు చూశారు. వంటగదిలోవాళ్ళు చూశారు.

ఆమె గదిలోకి రాగానే డైరెక్టర్ తలెత్తి ఆమె వెనక గోడకేసి చూశాడు. "ఇంతమందికి కుర్చీల్లేవే" అన్నాడు.

"పర్లేదు సార్, నిలబడతాం."

ఆమె చెప్పాల్సిందంతా చెప్పింది. ఈలోగా లాండ్రీవాళ్ళు ఒక్కొక్కరే లోపలికొచ్చారు, వాళ్ళ వెనక వంటవాళ్ళు. గదిలో మనుషులెవరో నీడలెవరో తెలియలేదు. మధ్యాహ్నానికల్లా రూల్ పోయింది. సోమవారం నుంచి రమ్మని ప్రణీతకి ఫోన్ వెళ్ళింది.

నీడలు యుసేబియో దగ్గరికి తిరిగొచ్చాయి. తలగుడ్డ కట్టుకున్న ఒకావిడ నీడ మాత్రం లీలావతి పక్కనుంచి కదల్లేదు.

"ఆవిడ పేరు పిలార్. మేం లోపలున్నన్నాళ్ళూ జైలు గోడ బయట రోజూ నిలబడేది" అన్నాడాయన. "నీతో ఉంటానంటోంది. ఉండనీ."

సాయంత్రం పార్కింగ్‌లో లీలావతి కారు పక్కసీటు తలుపు తీసి, పిలార్ ఎక్కేదాకా ఆగింది.