ఐదు చేతుల కార్బన్

అక్క పోయి మూడు వారాలైనా అక్క కంప్యూటర్ మాత్రం ఆగలేదు. దాన్ని ఆపడానికి సిస్టమ్స్ చూసే ఆయనకి మనసొప్పలేదు. ఆ సాయంత్రం అక్క కుర్చీలోంచి లేవబోయి కుప్పకూలింది, ఆస్పత్రిలో మళ్ళీ కళ్ళు తెరవలేదు. అప్పుడు తెర మీద ఏ అణువుందో ఇప్పటికీ అదే ఉంది.

"మూడింటికి దీన్ని తీసుకెళ్ళాలమ్మా. పైవాళ్ళు రెండుసార్లు అడిగారు," అన్నాడాయన తలుపు దగ్గర నిలబడి, ఏదో తప్పు చేసినవాడిలా. "నీకేమైనా కావాలంటే ఈలోపు చూసుకో."

చిట్టికి కావలసింది ఒక్కటే. అక్క చేతిపనిని ఇంకొక్కసారి చూడాలి.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ల్యాబ్‌లో, రెండు గదుల ఎడంలో, మందులకు పనికొచ్చే అణువుల్ని కంప్యూటర్‌లో కట్టేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా చెల్లెలు అక్క నోట చిట్టిగానే మిగిలింది. ల్యాబంతా అదే పేరు పట్టుకుంది. అక్కనేమో మెరుపక్క అనేవాళ్ళు. ఎందుకనరు మరి! ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌసు మీద. ఒక మీట నొక్కితే కార్బన్ల వలయం వచ్చి కూర్చునేది, ఇంకోటి నొక్కితే దానికి తోక మొలిచేది. మిగతావాళ్ళు మెనూలు తెరిచి వెతుక్కునేలోపు ఆవిడ అణువు కట్టేసి, టీ తాగేసి, కప్పు కూడా కడిగేసేది.

పని నేర్పేటప్పుడు చిట్టి మౌసు మెనూ వైపు కదిలితే చాలు, వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చేది. "మళ్ళీ షికారుకి బయల్దేరావా? మీట ఉందిగా, నొక్కి చావు!" అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట ఇంకోటుంది. "కార్బన్‌కి నాలుగు చేతులేనే. ఐదోది కనబడిందా, ఆగకు, ఆలోచించకు. ముందు పీకెయ్. మిగతాదంతా తర్వాత." పదకొండేళ్ళలో ఆ మాట చిట్టి బుర్రలోంచి వేళ్ళలోకి దిగిపోయింది.

అణువు కోసమైతే ఇంత అవస్థ అక్కర్లేదు. అక్క దాన్ని పూర్తిచేసి సర్వర్‌లో పెట్టే పడిపోయింది. అంత బాధ్యత! కానీ ఆ రోజు పొద్దున్నుంచి ఆవిడ వేసిన ఒక్కో అడుగూ తెరిచి ఉన్న ఈ ప్రోగ్రాంలో మాత్రమే ఉంది. మూసేస్తే పోతుంది. అన్‌డూ నొక్కుతూ మొదటికి వెళ్ళి, అక్కణ్ణుంచి రీడూతో ఒక్కో అడుగే ముందుకొస్తూ తెరని వీడియో తీసుకోవాలని చిట్టి ఆలోచన.

ఎవరికీ చెప్పని కారణం ఇంకోటుంది. ఆ పొద్దున ఫోన్‌లో అక్క గొంతు అదోలా ఉంటే, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. "నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను. పో, పని చూసుకో," అంది అక్క. చిట్టి పని చూసుకుంది. రెండంటే రెండు గదులు దాటి వెళ్ళలేకపోయింది. ఆ రోజంతా అక్క ఎలా ఉందో ఈ అడుగులైనా చెబుతాయని ఆశ.

అక్క కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. ఎత్తు తగ్గించలేదు. అన్‌డూ నొక్కిపట్టింది. అణువు గబగబా తరిగిపోయి తెర ఖాళీ అయింది. మూలనున్న లెక్క రెండువందల పన్నెండు అడుగులంది. వీడియో మొదలుపెట్టి రీడూ నొక్కింది.

మొదటి అడుగులో ఒక వలయం వచ్చింది. రెండో అడుగులో పోయింది. మూడులో కాస్త పక్కగా వచ్చింది, నాలుగులో పోయింది, ఐదులో మళ్ళీ వచ్చింది. మెరుపక్క ఒక్క వలయాన్ని మూడుసార్లు వెయ్యడమా! చెయ్యి వణికి ఉంటుంది. గుండ్రాయట, గుండ్రాయి! ఎంత కోపమొచ్చిందో అంత ఏడుపూ వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ నొక్కుతూనే ఉంది.

తొమ్మిదో అడుగులో ఒక కార్బన్ ఎర్రబడింది. ఐదు చేతులు.

చిట్టి ఆగలేదు, ఆలోచించలేదు. ఎడమచెయ్యి మీట నొక్కింది, కుడిచెయ్యి ఐదో బంధాన్ని పీకేసింది. ఎరుపు పోయింది. రెప్పపాటు కూడా పట్టలేదు. అక్క చూస్తే మురిసిపోయేది.

మళ్ళీ రీడూ నొక్కింది. ఏమీ కదల్లేదు. ఇంకోసారి నొక్కింది. ముందుకెళ్ళే బాణం బూడిదరంగులోకి మారిపోయి ఉంది. వెనక్కి వెళ్ళినచోట కొత్తగా ఒక్క మార్పు చేస్తే చాలు, ముందున్న అడుగులన్నిటినీ ప్రోగ్రాం పారేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి మొదటివారంలోనే చెబుతారు. చెప్పేది చిట్టే.

రెండువందల మూడు అడుగులు. అక్క ఆఖరి పగలంతా.

మూడింటికి సిస్టమ్స్ ఆయన వచ్చేసరికి చిట్టి మీట మీంచి వేలు తియ్యకుండా వెక్కివెక్కి ఏడుస్తోంది. "పోయింది సార్, అంతా పోయింది," అంది.

ఆయన కంగారుగా తెరలోకి చూశాడు. "లేదమ్మా, సర్వర్‌లో ఫైలు భద్రంగా ఉంది. పొద్దున్నే చూశాను. ఏమీ పోలేదు, ఊరుకో."

చిట్టి తల అడ్డంగా ఊపింది. "ఒక్క నిమిషం," అంది. మౌసు పట్టుకుని, తను పీకేసిన బంధాన్ని తిరిగి అక్కడే గీసింది. కార్బన్ మళ్ళీ ఎర్రబడింది. బాణం బూడిదరంగులోనే ఉంది.

"ఉండనివ్వాల్సిందక్కా," అంది తెరవైపు చూస్తూ. "ఈ ఒక్కటీ ఉండనివ్వాల్సింది."