గోనెపట్టాకు అవతల దొరసాని

బాన్సువాడలో ముత్తెన్నది బియ్యం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక తలుపు. ఏ బేరానికి కూర్చున్నా అతనిది ఒకటే పద్ధతి. ఎదుటి మనిషి దేన్ని వదులుకోలేడో ముందు కనిపెట్టాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి.

అక్క బుజ్జమ్మను పిట్లం నుంచి తీసుకొచ్చింది కూడా ఆ పద్ధతిలోనే. మొగుడు పోయాక ఆమె అక్కడ ఒక్కతే ఉంటోంది. ఈ వానల్లో నీళ్ల తొట్టి దగ్గర కాలుజారి పడి లేవలేకపోయింది. ఆమె పిల్లి గోడెక్కి ఆగకుండా అరిస్తేనే పక్కింటివాళ్లు వచ్చి చూశారు.

"నా పిల్లి లేంది నేను యాడికి రాను తమ్మీ" అంది బుజ్జమ్మ.

"పిల్లితోనే రా అక్కా" అన్నాడు ముత్తెన్న. బేరం కుదిరిందనుకున్నాడు. తన దుకాణంలో ఇంకో పిల్లి ఉన్న సంగతి తూకంలోకి రాలేదు.

దాని పేరు మిర్చి. సన్నగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. అది ఉండబట్టే బస్తాలకు ఎలుక పన్ను తగల్లేదు. ముత్తెన్న భార్య గంగమణి దాన్ని కళ్లు తెరవక ముందు నుంచి పాలదూదితో పెంచింది. అక్క పిల్లి పేరు దొరసాని. తెల్లగా, బొద్దుగా, పేరుకు తగ్గట్టే నడుస్తుంది. గంపలోంచి దిగీ దిగగానే అది నడిచి వెళ్లి మిర్చి పడుకునే బస్తా మీదే కూర్చుంది.

అంతే, ఇల్లు ఇల్లుగా లేదు. ఒకటి కనబడితే రెండోది వీపు విల్లులా వంచేది. మిర్చి తలుపు దగ్గర మాటు వేస్తే దొరసాని తిండికి కూడా కదిలేది కాదు.

ముత్తెన్న దీన్ని బజారు తగువు అనుకున్నాడు. బజారులో ఇద్దరు దుకాణదారులు కొట్లాడుకుంటే పెద్దమనిషి మధ్యలో కూర్చుని ఒకే చాయ్‌ని ఒకరికి కప్పులో, ఒకరికి సాసర్లో పోసి తాగిస్తాడు. తాగినవాళ్లు రాజీపడ్డట్టు లెక్క. ముత్తెన్న కూడా ఒకే పళ్లెంలో చేపతలలు పెట్టి, రెండు పిల్లుల్నీ చెరో చేత్తో పట్టుకొచ్చి ఎదురెదురుగా దించాడు.

పళ్లెం ఎగిరి గోడకు తగిలింది. రెండూ ఒకే ముద్దై దొర్లాయి. ముత్తెన్న మోచేయి గీరుకుపోయింది. విడదీయడానికి బుజ్జమ్మ మధ్యలోకి వచ్చి, తూలి, గుంజ పట్టుకుని నిలబడింది. లేకుంటే మళ్లీ పడేదే.

ఆ సాయంత్రం ఆమె సంచి సర్దుకుంది. "పిట్లం పోత తమ్మీ. గిది మిర్చి ఇల్లు. మేమే పరాయోళ్లం."

"ఒక్కదానివే ఎట్ల ఉంటవే?"

"ఒక్కదాన్నెందుకైత? దొరసాని లేదా?"

అక్క మళ్లీ పడితే అరవడానికి పిల్లి ఉంటుంది నిజమే. వినడానికి పక్కింట్లో మనుషులు ఉండాలి కదా. అయినా బేరగాడు కాబట్టి బతిమాలలేదు, గడువు అడిగాడు. "దసరా దాక ఆగు. అప్పటికి కుదరకుంటే నేనే బస్సెక్కిస్త."

ఎదురు దుకాణం అమానుల్లాది. అతనిదీ బియ్యమే. మర్నాడు ముత్తెన్న మోచేతి కట్టు చూసి పడీ పడీ నవ్వాడు.

"అరె ముత్తెన్నా, పిల్లులకు చాయ్ తాపినవా? మనిద్దరికి ఎంతమంది తాపిన్రు, యాదుందా? చాయ్ తాగుడు, బయటికొచ్చి మళ్ల తిట్టుకునుడు."

"మరి మనమెట్ల కలిసినం?"

"యాడ కలిసినం? నీ బస్తాలు నీ ముంగటి మోరీకాల్వ దాక, నా బస్తాలు నా మోరీ దాక పెట్టుకున్నం. నీ గిరాకీ నాకు రాదు, నాది నీకు రాదని నమ్మకం కుదిరినంక మాటలు అవే వచ్చినయ్. ఫికర్ చెయ్యకు. ముందుగాల ఎవలి జాగ వాళ్లకియ్యి."

ముత్తెన్న ఆ రోజే మధ్య తలుపు మూశాడు. దుకాణం మిర్చిది, వెనక గది దొరసానిది. పళ్లేలు వేరు, నీళ్లు వేరు, ఇసుక గంపలు కూడా వేరు. చెరొకటి ఎత్తున ఎక్కి కూర్చోవడానికి ఇక్కడ బస్తాల వరుస, అక్కడ పాత బల్ల. పొద్దున్నే మిర్చి పడుకున్న గోనెసంచిని దొరసానికి, దొరసానిది మిర్చికి మార్చేవాడు. సరుకు కొనేముందు వాసన చూడనిదే ఎవరు బేరమాడతారు? మొదట మిర్చి ఆ సంచిని చూసి బుసకొట్టింది. తర్వాత చుట్టూ తిరిగింది. కొన్నాళ్లకు దాని మీదే ముడుచుకుని పడుకుంది.

అప్పుడు మూసిన తలుపుకు చెరోపక్క తిండి పెట్టాడు. పళ్లేలు రోజూ కాస్త దగ్గరకు జరిపాడు. ఆ తర్వాత తలుపు తీసి గోనెపట్టా తెరలా కట్టి, కింద జానెడు సందు వదిలాడు. ఆ సందులోంచి మిర్చి పంజా విసిరితే విసుక్కోలేదు, పళ్లేలు మళ్లీ వెనక్కు లాగాడు. ధర పడిన రోజు మొండికేస్తే బస్తాలే మిగులుతాయని అతనికి తెలుసు.

"నేను కాపురానికొచ్చినప్పుడు నా పళ్లెం దిక్కు ఒక్కనాడన్న చూసినవా?" అంది గంగమణి.

"నువ్వెన్నడు పంజా విసరలే గదా."

"ఇసిరితే తెలిసేది."

బుజ్జమ్మ నవ్వు దాచుకుంది. కానీ సంచి విప్పలేదు.

దసరా ముందు రోజు పొద్దున ఆమె సంచి చేతపట్టుకుని మధ్య తలుపు దగ్గరికి వచ్చింది. "ఇగ చూపియ్యి తమ్మీ."

ముత్తెన్న గోనెపట్టా పూర్తిగా పైకెత్తాడు. రెండు పళ్లేలు దూరం దూరంగా ఉన్నాయి. దొరసాని గడప దాటి ఆగింది. మిర్చి తలెత్తింది, చెవులు వెనక్కు పోయాయి. ముత్తెన్న చేతిలో అట్టముక్క సిద్ధంగా ఉంది, మధ్యలో అడ్డం పెట్టడానికి. దొరసాని చూపు పక్కకు తిప్పుకుని కూర్చుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. మిర్చి కాసేపు చూసి, తన తిండి తిని, బస్తాల పైకెక్కి వీపు తిప్పి పడుకుంది.

"గింతేనా?" అంది బుజ్జమ్మ. "ఒకదాని మొకం ఒకటి సూస్త లేవు."

"అమానుల్లా నా మొకం చూసేటందుకు రెండు దసరాలు పట్టినయ్ అక్కా. వీపు తిప్పి పండుకున్నదంటే భయం పోయినట్టే."

ఆమె బస్తాల వైపు చూస్తూ నిలబడింది. ముత్తెన్న ఆమెను తొందరపెట్టకుండా అట్టముక్కను గోడకు ఆనించాడు. కాంటా ఊగుతున్నప్పుడు వేలు పెట్టకూడదు.

చివరికి బుజ్జమ్మ సంచి కింద దించి, నడుముకున్న తాళంచెవి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "పిట్లం ఇల్లు కిరాయికియ్యి. పిల్లిని కొట్టేటోళ్లకు మాత్రం ఇయ్యకు."

"ఇయ్యను."

"గా బల్ల జర కిటికీ దగ్గరికి జరుపు. దొరసానికి ఎండ కావాలె."

ముత్తెన్న బల్ల జరపడానికి వెళుతూ, దించిన సంచిని కాలితో మెల్లగా లోపలి గదిలోకి నెట్టాడు.